హెచ్చరిక

పోయిన నవంబరులో ఒక రాత్రి మా మేనమామ ఫోన్ చేశాడు.

“అల్లుడూ, నువ్వేందో పుస్తకాల గురించి రాస్తంటావంటగా. మీ అమ్మ చెప్పింది. మాక్కూడా ఒక నాలుగు మాటలు రాసివ్వాల.”

“దేని గురించి మామా?”

“జనం ఆరాధనకి రావడం మానేస్తన్నారు. డిసెంబరు ముప్పై ఒకటి రాత్రన్నా వస్తారు గదా. అప్పుడు చదవాల. సంఘాన్ని హెచ్చరించాల.”

హెచ్చరించాల అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. రానివాళ్ళని బెదిరించమంటున్నాడేమో అనుకున్నాను. “మానేసినవాళ్ళని తిట్టడానికి నేనెవర్ని మామా” అన్నాను. “తిట్టమని ఎవరన్నారయ్యా? హెచ్చరించమన్నా” అన్నాడు విసుగ్గా. ఫోన్ పెట్టేశాక కాసేపటికి గానీ వెలగలేదు. పదేళ్ళు ఆ గుడిలో చాపమీద కూర్చుని సండే స్కూలు చదివినవాడిని, ఆ భాషని అంతగా మర్చిపోయానన్నమాట.

బయట మనం హెచ్చరిక అంటే వార్నింగ్. తుఫాను హెచ్చరిక, ఎర్ర అక్షరాల బోర్డు. తెలుగు క్రైస్తవుల భాషలో దానికి ఇంకో అర్థం ఉంది: ధైర్యం చెప్పడం, పక్కనుండి ముందుకు నడపడం. “అయ్యగారు ఇంటికొచ్చి హెచ్చరించి పోయారు” అంటే ప్రార్థన చేసి, నాలుగు మంచిమాటలు చెప్పి, టీ తాగి వెళ్ళారని. తెలుగు బైబిలు కొత్త నిబంధనలో గ్రీకు మాట ‘పరాక్లేసిస్’ని ఒకచోట ఆదరణ అనీ ఇంకోచోట హెచ్చరిక అనీ తెచ్చారు. ఆ మాటకి మూలార్థం పక్కకి పిలవడం. అనువాదకులు ఆ అర్థాన్ని గాల్లోంచి తెచ్చుకోలేదు. త్యాగరాజు ఉత్సవ సంప్రదాయ కీర్తనల్లో హెచ్చరిక పాట ఉంటుంది. స్వామిని జాగ్రత్తగా, మెల్లగా నడిచి రమ్మని పిలిచే పాట. అక్కడా బెదిరింపు లేదు. బోర్డుల తెలుగు మన నోళ్ళలో ఆ పాత అర్థాన్ని తినేసింది. మా పల్లెలో మాత్రం మిగిలింది.

ఊరు ప్రకాశం జిల్లాలో ఉంది. పేరు రాయను. ఎందుకో ముందుకి చదివితే తెలుస్తుంది.

గుడి మాదిగపల్లె మొదట్లో, ఊళ్ళోంచి వచ్చే సిమెంటు రోడ్డు పక్కన ఉంటుంది. మా వాళ్ళు చర్చి అనరు, గుడి అనే అంటారు. వేపచెట్టుకి రైలు పట్టా ముక్క ఒకటి వేలాడుతుంది. అదే గంట. అమ్మ చిన్నతనంలో ఆ గంట విని ఊళ్ళోవాళ్ళు కూడా టైము చూసుకునేవాళ్ళట. ఆ తర్వాత మైకు వచ్చింది. నాలుగేళ్ళ క్రితం క్రిస్మస్‌కి గుడి కప్పు మీద రెండు హారన్లు కట్టారు, రెండూ ఊరి వైపుకే. నిజం చెప్పాలంటే అది తప్పు. తెల్లవారుజామున నాలుగున్నరకి పాటలు పెట్టేవాళ్ళు. సెలవులకి వెళ్ళినప్పుడు నేనే దిండు చెవులమీద పెట్టుకునేవాణ్ణి. మద్రాసులో ఒక చర్చి మైకు గురించి కేసు నడిస్తే, పక్కవాడి ప్రశాంతత పోగొట్టి ప్రార్థన చెయ్యమని ఏ మతమూ చెప్పదని సుప్రీంకోర్టు 2000లోనే తేల్చింది. మా ఊళ్ళో కూడా గొడవ మైకు దగ్గరే మొదలైంది. ఊరి పెద్దలు వచ్చి అడిగారు, మామ తనే నిచ్చెనెక్కి హారన్లు విప్పేశాడు. అక్కడితో అయిపోవాల్సింది.

అయిపోలేదు. పోయినేడు ఆగస్టులో ఒక ఆదివారం ఐదారుగురు కుర్రాళ్ళు బైకుల మీద వచ్చి గుడి గేటు ఎదురుగా నిలబడ్డారు. ఇద్దరు ఊళ్ళోవాళ్ళు, మిగతావాళ్ళు మండలం నుంచి. రాయి వెయ్యలేదు, తిట్టలేదు. ఫోన్లు తీసి, లోపలికి వెళ్ళేవాళ్ళనీ బయటికి వచ్చేవాళ్ళనీ వీడియో తీశారు. ఏంటయ్యా అని మామ అడిగితే “ఏం లేదు మేస్త్రీ, ఎవరెవరు వస్తన్నారో చూసుకుంటన్నాం” అన్నారట. మళ్ళీ ఆదివారం కూడా వచ్చారు. మూడో వారం వీడియో తియ్యడమే కాకుండా ఒకడు నోటుబుక్కులో పేర్లు రాసుకున్నాడు.

ఇందులో అంత భయపడాల్సింది ఏముందని నా ఆఫీసు స్నేహితుడొకడు అడిగాడు. అతనికి చెప్పినట్టే ఇక్కడా చెప్పాలి.

1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్థుడు కాడు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. మతం మారిన ఎస్సీలకి మన రాష్ట్రాల్లో బీసీ-సీ కింద ఒక శాతం రిజర్వేషన్ ఉంది, అంతే. దీన్ని మార్చాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో చెప్పింది, 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం కూడా చేసింది. పేరా మాత్రం అలాగే ఉంది. 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర హైకోర్టు, తనని కులం పేరుతో తిట్టి కొట్టారని గుంటూరు జిల్లా పాస్టరు ఒకరు పెట్టిన అట్రాసిటీ కేసుని కొట్టేసింది. పాస్టరుగా ఉన్నవాడు ఎస్సీ కాడు కాబట్టి ఆ చట్టం రక్షణ అతనికి లేదంది, చేతిలో కుల ధ్రువపత్రం ఉన్నా సరే. తిట్టినవాడు మటుకు ఎదుటి మనిషి మతం కనుక్కుని తిట్టడు. పల్లె చూసి తిడతాడు.

కాబట్టి ఆ ఫోన్లలో ఎక్కుతున్నది మొహాలు కావు, ధ్రువపత్రాలు. అంగన్‌వాడీలో పనిచేసే ఆవిడ, రిజర్వుడు సీట్లో గెలిచిన వార్డు మెంబరు, కానిస్టేబుల్ పరీక్ష పాసై కాల్ లెటర్ కోసం చూస్తున్న కుర్రాడు, ఫీజు రీయింబర్స్‌మెంటు మీద బీటెక్ చదివే ఇద్దరు ఆడపిల్లలు. మొదట ఆగిపోయింది వీళ్ళే. తర్వాత వీళ్ళ తల్లిదండ్రులు. సెప్టెంబరు చివరికి నూట ఇరవైమంది కూర్చునే గుడిలో నలభై మంది మిగిలారు.

పోలీసులకి ఫిర్యాదు చెయ్యొచ్చు కదా అని నేనూ అన్నాను. ఆరాధన జరిగేచోట గొడవ చెయ్యడం నేరమే. పాత చట్టంలో 296 సెక్షన్, భారతీయ న్యాయ సంహితలో 300. లాయరు మిత్రుణ్ణి అడిగి ఫిర్యాదు కాగితం కూడా తయారుచేయించాను. అది చదివి మామ నవ్వాడు. “మేము ఆరాధనలో ఉండగా అని రాశావు గదా. ఆ మాట కింద సంతకం పెట్టేదెవరు?” కోడ్ రాసేవాడికి ఇలాంటి చిక్కుముడి కొత్తకాదు, ఒకటి విడుదలవ్వాలంటే రెండోది ముందు విడుదలవ్వాలి, రెండోదానికి మొదటిది కావాలి. తేడా ఏంటంటే మేము సర్వర్ ఆపేసి మళ్ళీ మొదలుపెడతాం.

చివరికి మామ ఒక్కడే సంతకం పెట్టాడు. “నా తాపీకి ఎవడూ సర్టిఫికెట్ అడగడులే” అన్నాడు. కాగితం తీసుకున్నారు, కేసు కట్టలేదు. ఇంకో నలుగురి సంతకాలుంటే చూద్దామన్నారు.

ఇక నా సంగతి. నా సర్టిఫికెట్లలో ఒక పేరుంది. గుడిలో నన్ను పిలిచే పేరు ఇంకొకటి. ఈ పత్రికలో రాసే పేరు మూడోది. మాది బాప్టిస్టు సంఘం, పసిపిల్లలకి బాప్తిస్మం ఇవ్వరు. ఊహ తెలిశాక, తనంతట తాను ఒప్పుకున్నవాళ్ళనే నీళ్ళలో ముంచుతారు. నాకు పదిహేనేళ్ళొచ్చినప్పుడు అప్పటి అయ్యగారు అడిగారు. అమ్మ “వాడి చదువు కానీండయ్యా” అంది. ఇంజనీరింగ్ అయ్యాక “ఉద్యోగం రానీండి” అంది. ఉద్యోగం వచ్చేసరికి నాకు నమ్మకం పోయింది, అయ్యగారు కూడా మారిపోయారు. అందుకని చట్టం ముందు నా చేతులు శుభ్రంగా ఉన్నాయి. అమ్మ నన్ను కాపాడటానికి చేసిన పని అది, ఆమెని తప్పుపట్టను. కానీ ఆ గుడిలో కూర్చున్న ఎవరికన్నా తక్కువ ప్రమాదం ఉన్నవాణ్ణి, హైదరాబాదులో పదకొండో అంతస్తులో కూర్చుని, వాళ్ళకి ధైర్యం చెప్పే కాగితం రాయాలి.

రాయకుండా తప్పించుకునేవాణ్ణే. “నువ్వు రాయి. పేరు పెట్టుకోమాక” అంది అమ్మ.

నాకు తెలిసిన విద్య ఒకటే, పుస్తకం ముందు పెట్టుకుని చదవడం. హెబ్రీయులకు రాసిన పత్రిక తీశాను. మామ అడిగిన కాగితానికి అసలు నమూనా అదే. రాసిందెవరో తెలియదు. పౌలు అని మా సండే స్కూల్లో చెప్పేవారు గానీ, తొలి శతాబ్దాల్లోనే చాలామందికి ఆ సంగతి మీద అనుమానం. ఎవరికి రాశారో కూడా ఖాయంగా తెలియదు. వాళ్ళ పరిస్థితి మటుకు ఉత్తరంలోనే ఉంది. ఇంతకుముందొకసారి నలుగురిలో అవమానపడ్డారు, ఆస్తులు పోగొట్టుకున్నారు, తట్టుకున్నారు. ఇప్పుడు అలిసిపోయారు. కొంతమంది కూడికకి రావడం అలవాటుగా మానేస్తున్నారు. రచయిత ఆ సంగతి ఒక్క వాక్యంలో అనేసి ముందుకి పోతాడు. చివర్లో తను రాసిందంతా ఒక హెచ్చరిక మాట అని తనే చెప్పుకుంటాడు.

విమర్శకుడిగా చదివితే అది అంత ఓదార్పుగా ఉండే ఉత్తరం కాదు. మధ్యమధ్య భయపెడతాడు. ఒకసారి వెలుగు చూసి వెనక్కి పోయినవాళ్ళ గురించి ఆరో అధ్యాయంలో రాసింది చదువుతుంటే నాకు కోపం వచ్చింది. కానిస్టేబుల్ కుర్రాడికి ఇది చదివి వినిపించగలనా? బోర్డు మీది హెచ్చరిక, మా పల్లె హెచ్చరిక రెండూ ఒకే ఉత్తరంలో కలిసిపోయి ఉన్నాయి. తెలుగు అనువాదకుడు ఆ మాట ఎంచుకోవడంలో పొరబడలేదేమో అనిపించింది.

పదకొండో అధ్యాయం దగ్గర తీరు మారుతుంది. వాదన ఆపేసి పేర్లు చదువుతాడు. హేబెలు, నోవహు, అబ్రాహాము, శారా, రాహాబు. పేరు చెప్పడం, వాళ్ళేం చేశారో ఒక ముక్క అనడం, ఇంకో పేరుకి పోవడం. చివరికి టైము చాలదంటూ పేర్లు గుక్కతిప్పుకోకుండా పేర్చేస్తాడు. వీళ్ళలో ఎవరికీ ఇస్తానన్నది దక్కలేదని కూడా దాచకుండా చెబుతాడు. గెలిచిన కథలు చెప్పి ఉత్సాహపరచడం తేలిక. గెలవకుండానే పోయినవాళ్ళ జాబితా చదివి ఉత్సాహపరచాలనుకోవడం వింత పని. అది ఎందుకు పనిచేస్తుందో నాకు ఆ రాత్రి అర్థం కాలేదు.

తర్వాత క్లౌ పుస్తకం తీశాను. జాన్ ఎవరెట్ క్లౌ అమెరికన్ బాప్టిస్టు మిషనరీ, 1866లో ఒంగోలు వచ్చాడు. మరుసటి ఏడాది జనవరి 1న ఎనిమిది మందితో ఒంగోలు సంఘం ఏర్పడింది. ఆయన జ్ఞాపకాలు, భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ కూర్చినవి, ఆయన పోయిన నాలుగేళ్ళకి 1914లో అచ్చయ్యాయి. మా వైపు క్రైస్తవులందరికీ తెలిసిన కథ ఒకటుంది. 1878 జులై 3న గుండ్లకమ్మలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం. సండే స్కూల్లో ఆ అంకె మాకు ఎక్కంలా వచ్చేది. పెద్దయ్యాక కాలేజీలో ఆ అంకెకి జవాబు కూడా విన్నాను: కరువులో గింజలకోసం మారినవాళ్ళని. నిజానికి కరువు పనులు నడుస్తున్నంతకాలం క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. బకింగ్‌హాం కాలువలో కొంత ముక్క తవ్వే కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి చూపించాడు. కూలికోసం మారారన్న మాట రాకూడదనే ఆగాడు. సాయం ఆగిపోయాక జనం వచ్చారు.

కానీ ఈసారి నేను ఆగింది గుండ్లకమ్మ దగ్గర కాదు. అంతకు పదేళ్ళ ముందు, తోళ్ళ వ్యాపారం చేసుకునే ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్దతో మొదలైన ఉద్యమం దగ్గర. కొత్తగా చేరినవాళ్ళకి మూడు కట్టుబాట్లు ఉండేవి. ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకి మొక్కకూడదు. ఇప్పటి కళ్ళతో చూస్తే మూడోదే గొడవకి కారణం అనుకుంటాం. పుస్తకం చదివితే అలా అనిపించదు. గొడవ ఎక్కువగా మొదటిదాంతోనూ, జాతరకి డప్పు కొట్టం అనడంతోనూ వచ్చింది. కోతలప్పుడు ఆదివారం పొలానికి రాం అన్నారు. వెట్టికి అలవాటైన ఊరికి ఆ మాట మతం మార్పు కంటే గట్టిగా తగిలింది. చాకళ్ళని వీళ్ళ బట్టలు ఉతకొద్దన్నారు, కుమ్మరిని కుండలు అమ్మొద్దన్నారు, గొడ్లని బీళ్ళమీదనుంచి తోలేశారు, కళ్ళంలో వాళ్ళకి రావాల్సిన గింజలు ఆపేశారు.

మా అమ్మమ్మ ఆదివారం చీపురు కూడా పట్టేది కాదు. అది ఛాదస్తం అనుకునేవాణ్ణి. చీరకి గంజిపెట్టి కట్టుకుని, మధ్యాహ్నం వరకూ గుడిలో, తర్వాత అరుగుమీద ఊరికే కూర్చునేది. ఎవరన్నా పనికి పిలిస్తే “ఇయ్యాల ఆదోరం” అనేది. వేరే కారణం చెప్పేది కాదు. వారానికి ఏడురోజులూ ఇంకొకరిదైన శరీరాన్ని ఒక్కరోజు తనదని చెప్పడానికి ఆమె తల్లిదండ్రులో తాతలో ఎన్ని గింజలు వదులుకున్నారో, ఆ అరుగుమీద కూర్చోవడం ఎంత ఖరీదైనదో క్లౌ పుస్తకం చదివాక గానీ నాకు తెలియలేదు. మిషనరీ పుస్తకానికి అది రాయాలన్న ఉద్దేశం ఉందో లేదో. పైపెచ్చు ఆయన రాతలో బాధపడినవాళ్ళు ఎక్కువగా గుంపుగానే కనిపిస్తారు. పేర్లు కొన్నే.

ఇంత చదివి రాసిన మొదటి ప్రతి చెత్తగా వచ్చింది. భయపడకండి అని మొదలుపెట్టాను. కొట్టేశాను. రాజ్యాంగం 25వ అధికరణం మీ వెనక ఉందని రాశాను. అదీ కొట్టేశాను, వాళ్ళ ముందున్నది 1950 ఉత్తర్వు. మూడో ప్రతిలో మీ ముత్తాతలు గింజలు వదులుకున్నారు, మీరు సర్టిఫికెట్ వదులుకోలేరా అన్న అర్థం వచ్చేలా ఒక పేరా పడింది. రాస్తున్నప్పుడు బాగుందనిపించింది. పొద్దున లేచి చదివితే సిగ్గేసింది. ఆ సర్టిఫికెట్ మీద చదువుకుని, దాన్ని ఫైల్లో భద్రంగా పెట్టుకుని ఇంకొకర్ని వదులుకోమనే వాక్యం అది.

డిసెంబరు 29న ఉత్త చేతులతో ఊరికి వెళ్ళాను. మామ ఏమీ అనలేదు. సాయంత్రం స్త్రీల సమాజం నడిపే పెద్దమ్మ ఇంటికి తీసుకెళ్ళాడు. ఆమెకి డెబ్భై దాటాయి. అక్కడ వాళ్ళిద్దరూ నా ముందే వాదులాడుకున్నారు. ఆ వాదన నెలలనుంచీ నడుస్తోందని అర్థమైంది. అందరూ రావాల్సిందే, ఒకడు జంకితే పదిమంది జంకుతారు అంటాడు మామ. పెద్దమ్మ ఒప్పుకోదు.

“సదువుకునే పిల్లల్ని రమ్మనమాక. ఆ పిల్ల సీటు పోతే నువ్వు దెచ్చిస్తావా? ఇంటికాడ ప్రార్థన చేసుకోమను. మాకేం పోయిద్ది? రేషన్ కార్డు ఎవరూ పీక్కోరు గదా. వాళ్ళ వంతు మేం కూచుంటాం.”

“ఒకళ్ళ వంతు ఇంకోళ్ళు కూచోడానికి ఇదేమన్నా కరెంటు బిల్లు క్యూనా అక్కా?”

“క్యూ గాక? మా అమ్మ కూచోబట్టే గదా నేను కూచున్నా. ఆమె ఎవరి వంతు కూచుందో!”

మామ మాట్లాడలేదు. ఆయన ఒప్పుకున్నాడని నేననుకోను. నాకు కూడా ఆ మాట పూర్తిగా మింగుడుపడలేదు. పిల్లలు రాని గుడి ఎన్నాళ్ళు నిలుస్తుంది? వంతు కూర్చునే ముసలమ్మలు పోతే? కానీ అంత చదివి నేను రాయలేకపోయింది, ఎవర్నీ తక్కువ చెయ్యని మాట, ఆమె నోటి నుంచి వచ్చింది.

అప్పుడు మామ ఇంటికొచ్చి సంఘం రిజిస్టరు బయటికి తీశాడు. పాత లుంగీగుడ్డలో చుట్టి, బియ్యం డబ్బా అడుగున దాచి ఉంచాడు. సభ్యుల పేర్లు, బాప్తిస్మం తేదీలు. దాన్ని తగలబెట్టమని ఇద్దరు ముగ్గురు అడిగారట. “ఇది వాళ్ళ చేతిలో పడితే చాలు, ఫోన్లు అక్కర్లా” అన్నాడు. తగలబెట్టడానికి ఆయనకి చెయ్యి రాలేదు. మొదటి పేజీలు చేతితో తాకితే పొడిపొడిగా రాలుతున్నాయి. ఒక్కొక్కరికి రెండు పేర్లు: పోలేరమ్మ పేరో అంకమ్మ పేరో కొట్టేసి పక్కన బైబిలు పేరు. కొన్నిచోట్ల కొట్టెయ్యకుండా రెండూ ఉంచారు. నా సర్టిఫికెట్ గుర్తొచ్చింది. చనిపోయినవాళ్ళ పేరు పక్కన చిన్న సిలువ గుర్తు, తేదీ.

ఆ సిలువ గుర్తులు చూస్తుంటే ఏం చదవాలో తెలిసింది. చచ్చిపోయినవాళ్ళ మీద ఎవడూ ఫిర్యాదు ఇవ్వలేడు.

రెండు రోజులు మామా నేనూ పెద్దమ్మా కూర్చుని ఆ పేర్లు ఎత్తి రాశాం. రిజిస్టరులో పేరు, తేదీ మాత్రమే ఉంటాయి. మిగతాది పెద్దమ్మ చెప్పింది. ఈయన జాతరకి డప్పు కొట్టనన్నందుకు రెండేళ్ళు ఊళ్ళో పని దొరకలేదు. ఈమె మంత్రసాని, కాన్పుకి మటుకు ఆదివారమైనా పోయేది, అడిగితే దేవుడికి నేను చెప్పుకుంటాలే అనేది. ఈయన తాగుబోతు, కానీ గంట కొట్టడం ఒక్క వారం తప్పలేదు. ఈమె సంగతి ఎవరికీ తెలియదు, పేరు రాయి చాలు. నూట అరవై నాలుగు పేర్లు వచ్చాయి.

31 రాత్రి డెబ్భై మంది దాకా వచ్చారు. కానిస్టేబుల్ కుర్రాడు రాలేదు, వాళ్ళమ్మ వచ్చింది. అంగన్‌వాడీ ఆవిడ ముసుగు కప్పుకుని వెనక గోడవారన కూర్చుంది. రోడ్డు మీద ఎప్పటిలాగే మూడు బైకులు ఆగి ఉన్నాయి. పదకొండు దాటాక మామ నన్ను పిలిచాడు. మైకు లేదు. బాప్తిస్మం లేనివాణ్ణి, నమ్మకం ఉందో లేదో చెప్పలేనివాణ్ణి, ఆ బల్ల దగ్గర నిలబడి పేర్లు చదివాను. ఎవరూ అడగకుండానే ఇరవయ్యో పేరు దగ్గరనుంచి ఒక్కొక్కరు లేచి నిలబడటం మొదలుపెట్టారు. తమ నాన్న పేరు వచ్చినప్పుడు, అమ్మమ్మ పేరు వచ్చినప్పుడు. నిలబడినవాళ్ళు మళ్ళీ కూర్చోలేదు. మా అమ్మమ్మ పేరు దగ్గర నేను ఒక నిమిషం ఆగాల్సొచ్చింది. అప్పటికే నిలబడే ఉన్నాను కాబట్టి ఏం చెయ్యాలో తోచలేదు.

కిటికీలోంచి ఫోన్ లైటు పడింది ఒకసారి. లోపల అందరూ అటువైపే తిరిగి నిలబడి ఉన్నారు. కాసేపుండి ఆరిపోయింది. భయపడి వెళ్ళారని కాదు. మళ్ళీ ఆదివారం వాళ్ళు వచ్చారని మామ తర్వాత చెప్పాడు. అంగన్‌వాడీ ఆవిడ రాలేదనీ చెప్పాడు. వార్డు మెంబరు భార్య వచ్చిందట.

పన్నెండుకి వేపచెట్టు దగ్గర పట్టా ముక్క మోగించారు. కేకు కోశారు, పులిహోర పొట్లాలు పంచారు. చెయ్యి కడుక్కుంటుంటే పెద్దమ్మ పక్కకొచ్చి నిలబడింది.

“మళ్ళా ఆదోరానికి ఉంటావా నాయనా?”

“లేదు పెద్దమ్మా. శుక్రవారం ఆఫీసుంది. రేపు సాయంత్రం బస్సు.”

“సరేలే” అంది, ఇంకో పొట్లం నా చేతిలో పెడుతూ. “నీ వంతు కూడా మేమే కూచుంటాంలే.”